కాటా గదిలో నేను వేసిన అప్‌డేట్

కంప్యూటర్ల ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, ఏ కోర్సు చేస్తే మంచిదని. రెండోది, ఎంత ఇస్తారని. ఆపరేటింగ్ సిస్టంకి అప్‌డేట్ వచ్చినప్పుడు వేయాలా, ఆగాలా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా ఉద్యోగమంతా తిప్పి తిప్పి చూస్తే ఆ ఒక్క ప్రశ్నే. దానికి నేను రెండుసార్లు తప్పు జవాబు చెప్పాను. మొదటిసారి వేసి తప్పు చేశాను. రెండోసారి వేయకుండా తప్పు చేశాను. రెండుసార్లూ బాగా ఆలోచించే చేశాను. ఆలోచించకుండా చేసిన పనులు మాత్రం చాలావరకు సవ్యంగానే జరిగిపోయాయి.

విశాఖపట్నం పోర్టు బయట, ఓడల్లో వచ్చిన బొగ్గును యార్డులో పోయించి, లారీలకెత్తి పంపే ఒక ప్రైవేటు కంపెనీలో నేను పనిచేశాను. తొంభైల మొదట్లో నేను చేరేనాటికి మా కంప్యూటర్ విభాగంలో ఉన్నది నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, నేను. ఆ ఏసీ నా కోసం పెట్టింది కాదని మొదటిరోజే చెప్పారు. అది చెడిపోతే కంప్యూటర్లకు సెలవు, నాకు కాదు.

మా నాన్నగారు తణుకు దగ్గర పల్లె నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి గోపాలపట్నంలో స్థిరపడ్డారు. పోర్టు వైపు వెళ్లే ఆడపిల్ల లేత రంగు చీర కట్టకూడదన్నది ఆయన నాకిచ్చిన ఒకే ఒక్క వృత్తి సలహా. మా ఆఫీసులో బొగ్గు పొడి కీబోర్డులో ఉండేది, టీలో ఉండేది, దేవుడి పటం మీద ఉండేది. ఆ సలహా ముప్పై ఏళ్లు పనికొచ్చింది. కంప్యూటర్ల గురించి నాకు ఎవరిచ్చిన సలహా కూడా అన్నేళ్లు నిలవలేదు.

కాకినాడ వాళ్లు వేసేశారట

మా యార్డు గేటు దగ్గర లారీలు తూచే కాటా ఉండేది. ఖాళీ లారీ వచ్చి దాని మీద నిలబడుతుంది, బరువు చూస్తారు. బొగ్గు ఎత్తుకుని మళ్లీ వచ్చి నిలబడుతుంది, మళ్లీ చూస్తారు. తేడా ఎంతో కంప్యూటర్ లెక్కగట్టి, లారీ నంబరు, బరువు, తేదీ వేసి స్లిప్పు కొడుతుంది. ఒకటి డ్రైవరుకు, ఒకటి కాటా గదికి. అంతకుముందు ఇదంతా పెద్ద రిజిస్టరులో చేత్తో రాసేవారు. కంప్యూటర్ ఉండగా మళ్లీ కాగితమెందుకని ఆ రిజిస్టరు మాన్పించింది నేనే. అప్పట్లో ఆ పనికి నన్ను మెచ్చుకున్నారు కూడా.

కాటా దగ్గర కూర్చునే మనిషి పేరు సింహాద్రి. సబ్బవరం వైపు రైతు కుటుంబం. రోజూ మొదటి బస్సుకు వచ్చేవాడు. చేత్తో గుండు జరిపి తూచే కాలం నుంచి పన్నెండేళ్లుగా ఆ గదిలోనే ఉన్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నేను ఆయన్ని పేరు పెట్టి 'నువ్వు' అనేదాన్ని. ఎవరూ తప్పనలేదు, నాకూ తప్పనిపించలేదు.

మా మేనేజరు ప్రసాదరావు గారిది కృష్ణా జిల్లా. మంచి మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు కారు పంపేవారు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తే కుర్చీలోంచి సగం లేచి మాట్లాడేవారు. ఆ సగం లేవడంలోనే మా కంపెనీ నిర్ణయాలన్నీ జరిగిపోయేవి.

తొంభైల చివర్లో ఒక మార్చి నెలలో హెడ్డాఫీసు నుంచి కొరియర్‌లో ఒక సీడీ వచ్చింది. ఆపరేటింగ్ సిస్టంకి కొత్త అప్‌డేట్. దాంతో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. కొత్తగా ఏమేం వచ్చాయో రాశారు గానీ మా కాటాకు దాంతో పనేమిటో ఎక్కడా లేదు. మా కంప్యూటర్‌కి రోగం లేదు. మందు మాత్రం వచ్చింది. అందుకని సీడీని సొరుగులో పెట్టాను.

వారం తర్వాత ప్రసాదరావు గారు పిలిచారు.

"ఏంటండీ రాజ్యలక్ష్మి గారూ, కాకినాడ బ్రాంచి వాళ్లు వేసేశారట. మనమింకా వేయలేదా?"

"వేస్తే మనకు ఒరిగేదేమిటో చూద్దామని ఆగానండీ."

"ఒరిగేది తర్వాత చూద్దామండీ. ముందు వేసేశామని చెప్పాలి గదా."

ఇంత స్పష్టంగా కారణం చెప్పిన పై అధికారి నాకు మళ్లీ తగల్లేదు. తర్వాతి రోజుల్లో వచ్చినవాళ్లు ఇదే మాటను నలభై పేజీల్లో చెప్పేవారు.

లారీలు లేని ఒక సెలవురోజు ఉదయం వేశాను. ముందు డేటా అంతా వేరే కాపీ తీసుకున్నాను. వేశాక ఒక ఖాళీ లారీని కాటా ఎక్కించి చూశాను. బరువు సరిగానే ఉంది. నా గదికి వచ్చి రిపోర్టు తీశాను. అదీ సరిగానే ఉంది. ప్రసాదరావు గారు సగం లేచి హైదరాబాదుకు చెప్పేశారు.

మర్నాడు కాటా గది నుంచి ఇంటర్‌కమ్‌లో సింహాద్రి.

"అమ్మా, స్లిప్పు మీద తారీఖు తిరగబడిపోనాదమ్మా."

"తిరగబడటమేమిటి?"

"నెల ముందుకొచ్చీసింది. తారీఖు ఎనక్కెలిపోనాది. ఇరవై రెండు బై మూడు ఉండాల. మూడు బై ఇరవై రెండు పడతంది."

నా తెర మీద రిపోర్టు తెరిచి చూశాను. మార్చి ఇరవై రెండు అని శుభ్రంగా కనిపిస్తోంది.

"లోపల సరిగానే ఉంది సింహాద్రీ. అది పైకి కనిపించడంలో చిన్న తేడా. నువ్వు కంగారు పడకు."

"నాను కంగారు పడతం కాదమ్మా. లారీవోలు అడుగుతన్నారు, ఏటిదని."

"పరవాలేదని చెప్పు."

నా గది నుంచి కాటా గదికి ఆరు నిమిషాల నడక. మధ్యలో బొగ్గు గుట్టలు. ఆ ఆరు నిమిషాలు నేను నడవలేదు. ఈ వృత్తిలో నేను చేసిన అసలు తప్పు సీడీ వేయడం కాదు. ఇదీ.

పదకొండు రోజులు

మే నెల రెండున ఏప్రిల్ నెల స్టేట్‌మెంట్ తీసి ప్రసాదరావు గారి బల్ల మీద పెట్టాను. పెట్టిన గంటకే ఆయన గది నుంచి అరుపులు. స్టేట్‌మెంట్ ప్రకారం ఏప్రిల్ ఒకటి, రెండు, మూడు తేదీల్లో కాటా మీదకు ఒక్క లారీ రాలేదు. నాలుగో తేదీన మామూలుగా వచ్చాయి. ఐదు నుంచి పన్నెండు వరకు మళ్లీ ఒక్కటీ లేదు. పదమూడు నుంచి నెలాఖరు దాకా అన్నీ ఉన్నాయి. యార్డులో చూస్తే ఆ పదకొండు రోజుల బొగ్గు లేదు.

ఒక గంటలో కథ తయారైంది. సింహాద్రి పదకొండు రోజులు లారీలను తూకం లేకుండా బయటికి వదిలేశాడు. మధ్యలో నాలుగో తేదీన ఎందుకు తూచాడంటే, ఎవరికీ అనుమానం రాకుండా. పదమూడు నుంచి ఎందుకు మానేశాడంటే, భయమేసి. చూశారా, ఎంత చక్కగా అతికిందో. అబద్ధానికుండే సుగుణం అది. నిజం ఎప్పుడూ అంత బాగా అతకదు.

మర్నాడు విచారణ. సెక్యూరిటీ ఆఫీసరు సైన్యంలో చేసి వచ్చిన మనిషి, ఆయనే విచారణాధికారి. కంప్యూటర్ కాగితాల కోసం నన్నూ కూర్చోబెట్టారు. సింహాద్రి ఆ పదకొండు రోజుల స్లిప్పులన్నీ రోజువారీ కట్టలు కట్టి, సంచిలో తెచ్చాడు. ఆఫీసరు మొదటి కట్ట విప్పారు.

"నాలుగు బై ఒకటి. ఇది జనవరి నాలుగు. నాలుగు బై రెండు, ఫిబ్రవరి నాలుగు. పాత స్లిప్పులు తెచ్చి చూపిస్తున్నావా నాకు?"

"బాబూ, అయి ఏప్రిల్‌వండీ."

ఆయన చివరి కట్ట తీశారు. "నాలుగు బై పన్నెండు! డిసెంబరు ఇంకా రానేలేదు కదయ్యా. ముందే కొట్టి పెట్టుకున్నావా?"

"తారీఖు తిరగబడినాది బాబూ. అమ్మగారికి సెప్పినాను. అడగండి."

అందరూ నా వైపు చూశారు.

ఆ క్షణంలో నాకంతా అర్థమైందని రాస్తే తెలివైనదాన్నని అనిపించుకుంటాను. అర్థం కాలేదని రాస్తే మంచిదాన్నని అనిపించుకుంటాను. నిజమేమిటంటే సగం అర్థమైంది, మిగతా సగం అర్థం కాకూడదని కోరుకున్నాను. "ఒకసారి సిస్టం చూసి చెప్పాలండీ" అన్నాను. అవును అనకుండా, కాదు అనకుండా మాట్లాడటం ఆఫీసులో అందరికంటే ముందు నేర్చుకునే విద్య.

విచారణ పూర్తయ్యేదాకా ఇంటి దగ్గరుండమని సింహాద్రికి చెప్పారు. ఆయన స్లిప్పులన్నీ మళ్లీ కట్టలు కట్టి, వరసగా బల్ల మీద పెట్టి, అన్నం క్యారియరు తీసుకుని వెళ్లిపోయాడు.

నేను నా గదికి వెళ్లి, ఏ ఆఫీసరూ అడగని తేదీ అడిగాను. రాబోయే డిసెంబరు నాలుగు. తెర నిండా లారీలు వచ్చాయి. నంబర్లు, బరువులు, డ్రైవర్ల పేర్లు. ఇంకా ఏడు నెలలకు గానీ రాని రోజున మా బొగ్గు నిక్షేపంగా గేటు దాటిపోయింది.

జరిగింది ఇదీ. అప్‌డేట్ ఆ కంప్యూటర్‌కి అమెరికా అలవాటు నేర్పింది. వాళ్లు నెల ముందు రాసి, తేదీ తర్వాత రాస్తారు. మా కాటా ప్రోగ్రాం మన పద్ధతిలో తేదీ ముందనుకుని చదువుతుంది. మార్చి ఇరవై రెండు వచ్చినప్పుడు, ఇరవై రెండో నెల ఉండదు కాబట్టి ప్రోగ్రామే సర్దుకుని సరిగా రాసుకుంది. పన్నెండు లోపు తేదీలు వచ్చేసరికి దానికి అనుమానం రాలేదు. ఏప్రిల్ ఒకటిని జనవరి నాలుగని, ఏప్రిల్ పన్నెండుని డిసెంబరు నాలుగని నమ్మి దాచుకుంది. ఎటు తిప్పినా ఒకటే అయిన నాలుగో నెల నాలుగో తేదీ ఒక్కటే బతికి బయటపడింది. నేను సీడీ వేసింది నెల మూడో వారంలో కాబట్టి, ఆ నెలాఖరు దాకా నేను ఏ రిపోర్టు చూసినా సరిగానే ఉంది. పరీక్ష బాగానే చేశాను. పరీక్ష చేసిన రోజులే తప్పు.

ఇది తెలిశాక వెంటనే పరుగెత్తుకెళ్లి చెప్పానని మీరనుకుంటే నా మీద మీకున్న గౌరవానికి కృతజ్ఞతలు. రెండు రోజులు చెప్పలేదు. ఇంకోసారి సరిచూసుకోవాలనుకున్నాను. కాగితం మీద పద్ధతిగా రాయాలనుకున్నాను. ప్రసాదరావు గారు మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చెప్పాలనుకున్నాను. ఈలోగా ఆయన దొంగ దొరికాడని హైదరాబాదుకు చెప్పేశారు. అప్‌డేట్ వేశామన్నప్పటికంటే దీనికి వాళ్లు ఎక్కువ సంతోషించారట.

సబ్బవరం

ఐదో తేదీన సెలవు పెట్టి సబ్బవరం బస్సెక్కాను. అక్కడి నుంచి అడుగుతూ సింహాద్రి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య పైడితల్లి వాకిట్లో చేట పట్టుకుని కూర్చుంది. ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే లేచి నిలబడింది, కానీ కూర్చోమనలేదు.

"మా ఇంటాయన జీడితోటకెల్లినాడు. కబురెట్టమంటారా?"

పెట్టమన్నాను. ఆమె పక్కింటి మనిషిని కేకేసి చెప్పి, వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అంది.

"పన్నెండేల్లు సేసినాడమ్మా. ఒక్క బొగ్గుముక్క ఇంటికి తేనేదు. ఒంటికీ బట్టకీ అంటుకున్నదే తెచ్చినాడు. అదీ నానే ఉతికినాను."

సింహాద్రి వచ్చాడు. చేతులకు జీడి మరకలు.

"ఏటమ్మా, ఇంత దూరం ఇలగొచ్చినారు?"

"తప్పు నాది సింహాద్రి గారూ."

ఆ 'గారూ' విని ఆయన ముందు భార్య వైపు చూశాడు, తర్వాత నా వైపు. "నన్ను గారనకండమ్మా, బయమేత్తంది. ఏటైనాదో సెప్పండి."

చెప్పాను. మట్టిలో పుల్లతో రెండు అంకెలు గీసి, అటూ ఇటూ మార్చి చూపించాను. ఆయన అంతా విని అడిగాడు.

"అయితే నాను ఫోన్ సేసినాడే తిరగబడిపోనాదా?"

"అవును."

"మీరు పరవాలేదన్నారు. సదువుకున్నోలు, మీకు తెల్సును గావాల అనుకున్నాను." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మరి, ఇది మీకెప్పుడు తెల్సినాది?"

మూడో తేదీ మధ్యాహ్నం అన్నాను. ఇవాళే తెలిసిందని చెప్పొచ్చు. ఎవరూ పట్టుకునేవారు కాదు.

"రెండ్రోజులైనాది" అన్నాడు. భార్య వైపు తిరిగి, "ఎండలో వొచ్చినారు, మజ్జిగియ్యే" అన్నాడు.

ఆమె తెచ్చి ఇచ్చింది. తాగాను. నా జీవితంలో అంత కష్టపడి తాగిన మజ్జిగ లేదు.

మేనేజరు గారి కారు

ఆరో తేదీ ఉదయమే ప్రసాదరావు గారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"కంప్యూటర్ తప్పు చేయదని మీరే గదండీ చెప్పారు?"

"కంప్యూటర్ చేయలేదండీ. నేను చేశాను."

"అట్లా అనకండి. వైరస్ అందాం. వైరస్‌కి చార్జిషీటు ఇవ్వక్కర్లేదు. మీకూ బాధ ఉండదు, నాకూ ఉండదు. అతన్ని వెనక్కి పిలిచేద్దాం."

కాదనడానికి గట్టిగా ఏమీ తోచలేదు. సింహాద్రి ఉద్యోగం అతనికొస్తుంది కదా, ఎవరిమీద పెడితే ఏమిటనిపించింది. ఒప్పుకున్నాను. దాన్ని కూడా నా తప్పుల ఖాతాలోనే రాసుకోండి.

సాయంత్రానికి సింహాద్రిని పిలిపించి కాగితం ఇచ్చారు. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. 'ఆరోపణ రుజువు కానందున విధుల్లోకి తీసుకోవడమైనది.' చదివి, జాగ్రత్తగా మడిచి, బల్ల మీదే పెట్టేశాడు.

"ఏమయ్యా, మళ్లీ పనిలోకి తీసుకున్నాం గదా" అన్నారు ప్రసాదరావు గారు.

"రుజువవనేదంటే, సేసినాడు గానీ దొరకనేదని గదండీ బాబూ. ఈ కాయితం నాకొద్దు. ఇది పట్టుకుని మా ఊల్లో నానెవలికి సూపించగలను?"

"అయితే ఉద్యోగం వద్దంటావా?"

"జీడిపిక్కలేరుకుంటాను. అక్కడ ఎవలూ తారీఖులడగరు."

నమస్కారం పెట్టి వెళ్లబోయాడు. నేను లేచి నిలబడ్డాను. ధైర్యం వచ్చి కాదు. ఆయన వెళ్లిపోతే పైడితల్లి అన్న మాట జీవితాంతం నా దగ్గరే ఉండిపోతుందని తెలిసి.

"ఒక్కరోజు ఆగండి సింహాద్రి గారూ. సార్, రేపు పొద్దున్న మీ కారు ఒకసారి కాటా ఎక్కించండి. సెక్యూరిటీ ఆఫీసరు గారిని కూడా రమ్మనండి."

మర్నాడు మే ఏడు. కాటా గదిలో నలుగురం. సింహాద్రి స్థానంలో ప్రసాదరావు గారే స్వయంగా ఏరి పెట్టిన కొత్త గుమాస్తాను బయట నిలబడమన్నారు. నేను కంప్యూటర్‌లో ఏమీ సరిచేయలేదు, కావాలనే. ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద సింహాద్రి కూర్చున్నాడు. మేనేజరు గారి తెల్ల కారు బొగ్గు లారీల వరసలో నిలబడి కాటా ఎక్కింది. సింహాద్రి మీట నొక్కాడు. స్లిప్పు వచ్చింది. ఐదు బై ఏడు.

"సార్, ఇప్పుడు ఇవాళ్టి తేదీకి ఏ బళ్లు వెళ్లాయో చూద్దాం" అన్నాను. తెర ఖాళీ. జూలై ఐదు అడిగాను. ఉన్నాయి, ఉదయం వెళ్లిన లారీలన్నీ. వాటి చివర ప్రసాదరావు గారి కారు నంబరు.

"మీ కారు జూలై ఐదున గేటు దాటిందండీ."

ప్రసాదరావు గారు కిటికీలోంచి బయటికి చూశారు. కారు అక్కడే ఉంది. నమ్మకం కోసం ఇంకోసారి చూశారు.

"నిన్న, మొన్న కూడా చూడండి. మొన్న ఐదున బళ్లున్నాయి, నిన్న ఖాళీ. మీరు పెట్టిన కొత్త మనిషి కూడా నిన్న, ఇవాళ దొంగతనం చేశాడన్నమాట. ఐదున మాత్రం మానేశాడు."

సెక్యూరిటీ ఆఫీసరు స్లిప్పును వెలుతురులో పెట్టి చూశారు. ఆయన ముఖంలో మొదటిసారి ఇబ్బంది కనిపించింది. "మరి నేనిప్పుడు ఎవరిని పట్టుకోవాలండీ?" అన్నారు, నిజంగానే అడుగుతున్నట్టు.

"నన్ను" అన్నాను.

సెట్టింగుల్లోకి వెళ్లి ఒక గడి మార్చాను. అర నిమిషం పట్టింది. సింహాద్రి మళ్లీ మీట నొక్కాడు. ఏడు బై ఐదు. తప్పుడు తేదీల్లో దాక్కున్న లారీలను ఒక్కొక్కటిగా వెనక్కి తేవడానికి మాత్రం ఎనిమిది రోజులు పట్టింది.

మధ్యాహ్నం కొత్త కాగితం వచ్చింది. తప్పు కంప్యూటర్ విభాగానిదని, సింహాద్రికి ఎలాంటి సంబంధం లేదని. ఆ వాక్యం నేనే రాసిచ్చాను. సెక్యూరిటీ ఆఫీసరు దాన్ని చదివి, 'విచారణాధికారి విచారం వ్యక్తం చేస్తున్నారు' అని కింద తన చేత్తో చేర్చారు. సింహాద్రి ఈసారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు హైదరాబాదు నుంచి మందలింపు మెమో వచ్చింది. అందులో తేదీ సరిగ్గా ఉంది.

ఇంకో సంగతి. మూడు నెలల తర్వాత కాకినాడ బ్రాంచి వాళ్లతో మాట్లాడితే తెలిసింది. వాళ్లు ఆ సీడీ వేయనేలేదు. విశాఖ వాళ్లు వేసేశారట, మీరింకా వేయలేదా అని ఎవరో అడిగితే, వేసేశామని ఫోన్లో అన్నారట, అంతే.

మజ్జిగ ఊదుకుని తాగిన ఏళ్లు

పాలతో నోరు కాల్చుకున్నవాళ్లు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతారు. నేను కొన్నేళ్లపాటు ఊదుతూనే ఉన్నాను. రెండు వేల తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. అప్‌డేట్లు కొరియర్‌లో రావడం మానేసి, తెర మూలన చిన్న గడిలా వచ్చి, ఇప్పుడా, తర్వాతా అని అడగడం మొదలుపెట్టాయి. నేను తర్వాత అనేదాన్ని. మర్నాడు మళ్లీ అడిగేది. మళ్లీ అనేదాన్ని. అనుభవమున్న మనిషి, తొందరపడదు అని నాకు పేరొచ్చింది. భయానికి అనుభవం అని పేరు పెడితే ఆఫీసులో చాలాకాలం నడుస్తుంది.

ఒక ఉదయం నేను ఆఫీసుకు వచ్చేసరికి కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే ఆగిపోతున్నాయి. తెర మీద ఒక పెట్టె, అందులో అరవై నుంచి కిందికి లెక్క, సున్నా రాగానే చీకటి. మళ్లీ వేస్తే మళ్లీ అదే. ఊళ్లోనే కాదు, దేశదేశాల కంప్యూటర్లలో పాకుతున్న వైరస్ పురుగు అది. దానికి మందుగా ఒక అప్‌డేట్ దాదాపు నెల కిందటే వచ్చింది. ఆ నెలంతా నేను తర్వాత అంటూ ఉన్నాను. ఈసారి కాకినాడ వాళ్లు నిజంగానే వేసుకున్నారు.

రేవులో ఓడ ఉంది. గేటు బయట లారీలు బారులు తీరాయి. నేను కాటా గదికి పరుగెత్తాను. ఆరు నిమిషాల దారి మూడు నిమిషాల్లో. అక్కడ సింహాద్రి గారు పాత కాటా ముల్లు చూసుకుంటూ, పెద్ద రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో రాసుకుపోతున్నారు. లారీలు నెమ్మదిగా కదులుతున్నాయి.

"ఈ రిజిస్టరు ఎక్కడిది?"

"నా మీద నింద పడ్డ యేడాది నుంచీ మల్లీ రాత్తనే ఉన్నానమ్మా. మీరు మానీమన్నారు గానీ, నాను ఇననేదు." తల ఎత్తకుండానే అన్నారు. "మీ మిషన్లకి జొరం తగ్గీదాకా నాను సూసుకుంటాను. మీరెల్లి ఆటి సంగతి సూడండి."

మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ బొగ్గు ఆయన చేతిరాత మీద నడిచింది. ఎంతైనా అదృష్టవంతురాలిని, నా మాట వినని మనిషి ఒకరు మా కంపెనీలో ఉన్నారు.

మరి వేయాలా, వద్దా

సూటిగా చెబుతాను. వేయాలి. ఆలస్యంగా వేసినా వేయాలి. వేయకపోవడం జాగ్రత్త కాదు, జాగ్రత్తలా కనిపించే బద్ధకం. కానీ పక్క బ్రాంచి వేసిందని వేయకండి, అది అబద్ధం కావచ్చు. దాంతో వచ్చిన పుస్తకాన్ని నమ్మి వేయకండి, అది రాసినవాడు మీ కాటా చూడలేదు. ముందు ఒక్క కంప్యూటర్‌లో వేసి, ఒకటో తేదీ, పన్నెండో తేదీ, నెలాఖరు అన్నీ దాని మీదుగా దాటనివ్వండి. ఆ కంప్యూటర్ ముందు రోజూ కూర్చునే మనిషి ఏదో తేడాగా ఉందంటే, జవాబు చెప్పకముందు లేచి వెళ్లి చూడండి. ఆయనకు కంప్యూటర్ గురించి తెలియకపోవచ్చు. నిన్న ఎలా ఉందో ఆయనకు తెలుసు, మీకు తెలియదు.

ఆ పురుగు సంగతి తర్వాత నేను ఒక ఫారం తయారుచేశాను. ఏ కంప్యూటర్‌కి అప్‌డేట్ వేసినా, దాని మీద పనిచేసే మనిషి వారం రోజులు వాడి చూసి సంతకం పెడితేనే మిగతా వాటికి వేయాలి. కాటా గది ఫారం మీద సింహాద్రి గారు తెలుగులో సంతకం పెట్టేవారు. మొదటిసారి చాలా మొహమాటపడ్డారు.

"నా సంతకం ఏటికమ్మా? దీన్లో నాకేటి తెల్సును?"

"సరిగా లేదనిపిస్తే పెట్టకండి. అంతే."

ఆయన అప్పటి నుంచి రెండుసార్లు పెట్టలేదు. ఒకసారి ప్రింటరులో కాగితం సగం దాకా వచ్చి ఆగుతోందని. ఇంకోసారి కారణం చెప్పలేకపోయారు, "ఏటో బాగోనేదమ్మా" అన్నారు. నేను వెళ్లి రోజంతా పక్కన కూర్చున్నాను. తూకం తెర మీదకు రావడానికి ముందుకంటే రెండు క్షణాలు ఎక్కువ పడుతోంది. అంటే ఆయన మీట నొక్కేసరికి, లారీ పూర్తిగా నిలబడకముందటి బరువే స్లిప్పు మీద పడుతోంది.

హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చినవారికి ఆ ఫారాలు నచ్చలేదు. ఆపరేటింగ్ సిస్టం విషయంలో కాటా గుమాస్తా ఆమోదమేమిటి, ఇతని కంప్యూటర్ అర్హత ఏమిటి అని ఎర్ర సిరాతో అభ్యంతరం రాశారు. ప్రసాదరావు గారు కంగారుగా ఆ కాగితం తెచ్చి, ఏం రాద్దామండీ అని అడిగారు. నేను రాసింది ఇదీ: 'కంప్యూటర్ అర్హత లేదు. ఆయన సంతకం లేకుండా వేయబోము.' ప్రసాదరావు గారు రెండుసార్లు చదివి, ఏమనుకున్నారో, కింద తన సంతకం కూడా పెట్టారు. కుర్చీలో పూర్తిగా కూర్చునే పెట్టారు.

ఆ జవాబు సంతృప్తికరంగా లేదని తర్వాతి ఏడు రాశారు. ఆ తర్వాతి ఏడూ రాశారు. సింహాద్రి గారు రిటైరై, ఆయన స్థానంలో వచ్చినవాళ్లు సంతకాలు పెట్టడం మొదలుపెట్టాక కూడా రాస్తూనే ఉన్నారు. నేను దిగిపోయే రోజుకి మా విభాగం ఫైల్లో పరిష్కారం కాని అభ్యంతరం అదొక్కటే మిగిలింది. నా కుర్చీలోకి వచ్చేవారికి నా మనవి ఒక్కటే. మిగతా ఫైళ్లు ఏమైనా చేసుకోండి, దాన్ని మాత్రం పరిష్కరించకండి.